తాత్కాలికానికి తలనెరిసింది

అమెరికా నౌకాదళం 36 ఏళ్ళు వాడుకుని పక్కన పెట్టిన ట్రెంటన్ అనే ఓడను 2007లో మనం దాదాపు 4.8 కోట్ల డాలర్లకు కొన్నాం. నార్ఫోక్ రేవులో జెండా మార్చి, జలాశ్వ అని పేరు పెట్టి విశాఖకు తెచ్చుకున్నాం. దీనిమీద చేయి తిరిగాక సొంతవి కట్టుకోవచ్చని సమర్థించినవాళ్ళు అన్నారు. తాత్కాలికమేనన్నమాట.

చౌకబేరమే, కాదనను. కానీ ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2008లో ఆ కాగితాలు తిరగేసి, ఓడ ఒంట్లో ఎలా ఉందో సరిగా చూడకుండానే కొన్నారని మొట్టికాయ వేసింది. పైగా షరతులు. దాడులకు వాడే విషయంలో ఆంక్షలట. ఇచ్చిన సామాను లెక్క చూసుకోడానికి అమెరికావాళ్ళు ఎప్పుడైనా రావచ్చట. శత్రుతీరంలో సైన్యాన్ని దింపడానికే పుట్టిన ఓడకు ఈ షరతు! అదే ఏడాది ఫిబ్రవరిలో ఓడలో విషవాయువు లీకై మనవాళ్ళు ఆరుగురు చనిపోయారు. దాన్ని ఏ బేరంలో లెక్కగడతారు?

ఓడ పనితనం మాత్రం చూసి తీరాలి. ట్యాంకుల్లోకి నీళ్ళు తోడుకుని వెనుకభాగం కుంగుతుంది. తలుపు దించితే సముద్రం లోపలి డాకులోకి వస్తుంది. అక్కడున్న పడవలు సైనికులతో, బండ్లతో తేలి నేరుగా ఒడ్డుకు పోతాయి. రేవుతో పనిలేదు. అయితే ఇదంతా నడిచేది ఆవిరితో. రెండు బాయిలర్లు, రెండు టర్బైన్లు, అన్నీ 1971 నాటివి. కట్టిన సియాటిల్ యార్డు 1980ల్లోనే మూతపడింది. ఈ తరగతి ఓడల్లో అమెరికా దగ్గర మిగిలిన ఆఖరిది, పోన్స్, 2017లో రిటైరైంది. వాల్వు పగిలితే ఎవరికి ఉత్తరం రాయాలి? అమ్మినవాళ్ళకా? వాళ్ళ ఇలాంటి ఓడలు 32 ఉంటే, అందులో సగం బాగోలేవని వాళ్ళ ఆడిట్ సంస్థే 2024 డిసెంబరులో తేల్చింది. పాత ఆవిరి ఓడలకు స్పేర్లు వాళ్ళకే దొరకడం లేదు. ఇక మనకేం పంపుతారు?

అయినా మన నావికులు దాన్ని నడిపారు. 2020 మేలో కరోనా వేళ మాలే నుంచి 698 మందిని ఎక్కించుకుని కొచ్చికి చేర్చింది ఈ ముసలి ఓడే. వాళ్ళు అలా నెట్టుకొస్తూ ఉన్నంతకాలం ఢిల్లీలో ఫైలుకు తొందరేముంటుంది?

సొంత ఓడల కథ గోడమీద రాసిన 'ఓ స్త్రీ రేపు రా'. 2013లో నాలుగింటికి టెండరు పిలిచారు. మొదటి లెక్కలో అందులో రెండు విశాఖ హిందుస్తాన్ షిప్‌యార్డువి. జలాశ్వ లంగరు వేసే ఊళ్ళోనే యార్డు! పెరటి చెట్టు కదా, వైద్యానికి పనికిరాలేదు. ఏడేళ్ళు నానబెట్టి 2020లో టెండరు రద్దు చేశారు. 2021లో, కట్టగలవాళ్ళు ఎవరైనా ఉన్నారా చెప్పండంటూ మళ్ళీ మొదటి మెట్టు నుంచి వాకబు. 2025 అక్టోబరులో రక్షణ కొనుగోళ్ళ మండలి ఆమోదముద్ర వేసింది. సంబరపడకండి. ఓడలు అవసరమేనని ఒప్పుకోవడం మాత్రమే అది. ఎవరు కట్టాలో, ఎంతకు కట్టాలో ఆ తర్వాత తేలుస్తారు. ఈలోగా యాభై ఏళ్ళు దాటిన బాయిలర్లను కాస్త ఓపిక పట్టమని చెప్పండి, టెండరు ఫారాలు అచ్చవుతున్నాయి.