గిటారుకు ఎదురు నిలిచినదాన్ని

నా పేరు హమ్మండ్ సీ3. చూడ్డానికి చర్చి సామానులా ఉంటాను. వాయించేవారి కాళ్లు భక్తులకు కనబడకూడదని నా చుట్టూ చెక్క పలకలు బిగించారు మరి. నా తోబుట్టువు బీ3 నాలుగు సన్నటి కాళ్ల మీద నిలబడుతుంది. లోపలి యంత్రం మాత్రం ఇద్దరికీ ఒకటే.

మీకు హార్మోనియం తెలుసు కదా. దానికి తిత్తి ఆడిస్తే గాలి వెళ్లి రీడ్లను కదుపుతుంది. నాలో గాలి లేదు. మోటారు తిరిగితే దాంతోపాటు ఎగుడుదిగుడు అంచులున్న 91 చిన్న చక్రాలు తిరుగుతాయి. ఒక్కో చక్రం పక్కన తీగ చుట్టిన ఓ అయస్కాంతం. చక్రం అంచు దగ్గరై దూరమైనప్పుడల్లా తీగలో కరెంటు హెచ్చుతగ్గులవుతుంది, స్వరం అక్కడ పుడుతుంది. లారెన్స్ హమ్మండ్ గారు అంతకుముందు కరెంటు గడియారాలు చేసేవారు. ఆ తరహా మోటారునే ఆర్గన్‌లో పెట్టి 1934లో పేటెంటు తీసుకున్నారు. చిత్రమేమిటంటే, ఆయనకి సంగీతం వచ్చేది కాదు.

నా ఒక్కో మెట్టు కింద తొమ్మిది కాంటాక్టులుంటాయి. అన్నీ ఒకేసారి తగలవు, అందుకే నొక్కగానే ‘టిక్’మని చిన్న చప్పుడు. తయారుచేసినవాళ్లు దాన్ని లోపమనుకుని తగ్గించాలని నానా తంటాలు పడ్డారు. రాక్ వాళ్లు, జాజ్ వాళ్లు ఆ టిక్కు కోసమే నన్ను వెతుక్కుంటూ వచ్చారు.

ఫ్లీట్‌వుడ్ మ్యాక్ బృందంలో కీబోర్డు వాయించే క్రిస్టీన్ మెక్‌వీ దగ్గర నేనుండేదాన్ని. 1973లో డీప్ పర్పుల్ అనే రాక్ బృందంలో ఆర్గన్ వాయించే జాన్ లార్డ్ నన్ను ఆవిడ దగ్గర కొనుక్కున్నాడు. అంతవరకూ ఆయన దగ్గరున్న సీ3 మూలపడిందట. దాన్ని సవతి అనాలో అక్క అనాలో నాకిప్పటికీ తేలలేదు. పేరంతా అదే కొట్టేసింది మరి. 1970లో ‘చైల్డ్ ఇన్ టైమ్’ పాట, 1972లో ‘మెషీన్ హెడ్’ ఆల్బమ్, అదే ఏడాది జపాన్ కచేరీలు, అన్నీ దాని ఖాతాలోవే. నన్ను చూడ్డానికి వచ్చినవాళ్లు ‘స్మోక్ ఆన్ ద వాటర్’ పాట దీని మీదేనా అని అడిగితే ఏం చెప్పను?

జాన్‌ది ఇంగ్లండ్‌లోని లెస్టర్. చిన్నప్పుడే పియానో నేర్చుకున్నాడు. ఒక చెవిలో శాస్త్రీయ స్వరకర్త బాఖ్, ఇంకో చెవిలో జాజ్ ఆర్గనిస్టు జిమ్మీ స్మిత్. ‘హైవే స్టార్’ పాటలో ఆయన విడిగా వాయించే ముక్క వినండి, బాఖ్ వరసలు లారీ వేగంతో దూసుకొస్తాయి.

అసలు సంగతి సౌండుది. మామూలుగా నాకు లెస్లీ అనే స్పీకరు తగిలిస్తారు. పెట్టెలో బూర గిరగిరా తిరిగి స్వరాన్ని అలలుగా చేస్తుంది. కానీ పక్కన బృందం గిటారిస్టు రిచీ బ్లాక్‌మోర్ మార్షల్ యాంప్లిఫయర్ల గోడ పెట్టుకుని గిటారు మోగిస్తుంటే, లెస్లీ గొంతు ఎవరికి వినబడుతుంది? జాన్ ఆర్గన్‌నీ మార్షల్‌కే తగిలించాడు. గిటారు కోసం చేసిన పెట్టె అది. అందులోంచి వెళ్లేసరికి స్వరం చిరిగి, గరగరలాడి, కోరలు మొలిచినట్టయింది. చర్చి కోసం పుట్టిన వంశం! అక్కతో మొదలుపెట్టిన ఈ విద్య నాకూ అలవాటు చేశాడు. పైగా నాలో ఓ ఎలక్ట్రిక్ పియానోను కూడా కలిపి పెట్టించాడు. వేదిక మీద ఊపొస్తే నన్ను ముందుకీ వెనక్కీ ఊపేసేవాడు. నా బరువు దాదాపు రెండు క్వింటాళ్లని మరిచిపోయేవాడో ఏమో.

రాక్ బృందంలో కీబోర్డు అంటే చాలామంది వెనకాల పరుపులా పరిచే సౌండనే అనుకుంటారు. జాన్ ఆ పని ఒప్పుకోలేదు. గిటారు ఒక మాటంటే ఆర్గన్ రెండనాలి. అలాగని ఎప్పుడూ గొడవే కాదు. ‘స్మోక్ ఆన్ ద వాటర్’లో లోకమంతా గిటారుదనుకునే ఆ వరసను ఆర్గన్ కూడా గరగరలాడుతూ కలిసి వాయిస్తుంది. రెండింటినీ విడదీసి వినడం కష్టం. ఆ బరువులో సగం వాటా మా వంశానిదే, ఎవరూ లెక్కలో వేయరు.

జాన్ గిటారుతో పోటీ దగ్గరే ఆగలేదు. 1969 సెప్టెంబరు 24న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో జాన్ రాసిన కన్సర్టోను డీప్ పర్పుల్, రాయల్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రా కలిసి వాయించాయి. మాల్కమ్ ఆర్నల్డ్ నడిపించాడు. మరుసటి ఏడాదే ఆ స్వరాల కాగితాలు ఎక్కడో పోయాయి! చాలా ఏళ్ల తరవాత మార్కో డి గోయ్ అనే డచ్చి స్వరకర్త పాత రికార్డింగు విని విని మళ్లీ రాసుకొచ్చాడు. జాన్ దాన్ని సరిదిద్ది 1999లో అదే హాల్లో వినిపించాడు.

2002లో జాన్ బృందం నుంచి తప్పుకుని పూర్తిగా స్వరరచనకి వెళ్లిపోయాడు. నన్ను తన తరవాత వచ్చిన డాన్ ఎయిరీకి అప్పగించాడు. ‘మిస్టర్ క్రౌలీ’ పాట మొదట్లో వినిపించే కీబోర్డు ఈయనదే, చేయి తక్కువదేం కాదు. నేనే అరిగిపోయాను. కొన్నేళ్లకి నన్ను వేదిక దింపేశారు. జాన్ 2012 జులై 16న పోయాడు. 2016లో డీప్ పర్పుల్‌ని రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చినప్పుడు ఆయన పేరూ చదివారు.

మీకు ఆ జపాన్ కచేరీల ఆల్బమ్ ‘మేడ్ ఇన్ జపాన్’ దొరికితే అందులో ‘లేజీ’ పాట పెట్టుకోండి. గిటారు కోసం తొందరపడకండి, మొదట చాలాసేపు ఆర్గన్ ఒక్కటే గుర్రుమంటూ, కీచుమంటూ, నవ్వుతూ ఉంటుంది. వాయించింది అక్క మీద. అయినా చెబుతున్నాను.