దిమ్మెకు దండ, బండికి గండం

మన శ్రీ సత్యసాయి జిల్లాలో రోడ్డు భద్రతకు మందు ఒకటే, దిమ్మె. నాలుగు రోడ్లు కలిసేచోట నడిమధ్యన సిమెంటు దిమ్మె కట్టాలి, చుట్టూ స్టీలు రెయిలింగు బిగించాలి, పైన ఒక నాయకుణ్ణి నిలబెట్టాలి, కింద శిలాఫలకం అతికించాలి. రిబ్బను కత్తిరించిన రోజు మైకులో ఒకటే మాట: "విదేశాల్లో మాదిరి సర్కిల్ కట్టించినాము, ఇంక యాక్సిడెంట్లు జరగవు." చప్పట్లు. వారం తిరక్కముందే ఒక బొలేరో పోయి ఆ దిమ్మెకే గుద్దుకుంటే అది డ్రైవరు నిద్రమత్తు. దిమ్మెకు మాత్రం ఏ పాపమూ తెలియదు.

విదేశాల మాట అబద్ధం కాదు, అదే చిక్కు. అమెరికాలో సిగ్నళ్ళూ స్టాప్ బోర్డులూ ఉన్న 24 కూడళ్ళను రౌండబౌట్లుగా మార్చాక ఏం జరిగిందో లెక్కకట్టి 2000లో ఒక అధ్యయనం వెలువరించారు. మొత్తం ప్రమాదాలు 40 శాతం దాకా తగ్గాయి, దెబ్బలు తగిలే ప్రమాదాలు మూడొంతులు తగ్గాయి. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. మామూలు నాలుగు రోడ్ల కూడలిలో ఒక బండి దారి ఇంకో బండి దారిని తాకే చోట్లు 32. ఒకే వరస రౌండబౌట్‌లో అవి 8. పైగా దారి వంకర తిరుగుతుంది కాబట్టి ఎంతటి మొనగాడైనా ముప్పైకి దిగాల్సిందే. వేగం సగమైతే గుద్దుడు బలం నాలుగో వంతుకు పడిపోతుంది. గుద్దుకున్నా పక్కలు రాసుకుంటాయే గానీ, డొక్కలోకి నేరుగా దూరడం ఉండదు.

అయితే ఇదంతా మధ్యలో ఉన్న గుండ్రం చేసే పని కాదు. గుండ్రాలు ఇంగ్లండులో ముందునుంచీ ఉన్నాయి. బయటినుంచి వచ్చేవాడు లోపల తిరుగుతున్నవాడి మీదికి దూరడంతో అన్నీ బిగుసుకుపోయేవి. 1966 నవంబరులో చట్టం తెచ్చారు: లోపలికి వచ్చేవాడు అవసరమైతే ఆగి, కుడిపక్కనుంచి తిరిగివచ్చే బండికి దారివ్వాలి. అప్పుడు గానీ గుండ్రానికి ప్రాణం రాలేదు. ఫ్రాన్సు వాళ్ళకు అదే బుద్ధి 1980లలో పుట్టింది, ఆ తర్వాత దేశం నిండా వేలకు వేలు కట్టుకున్నారు. మన కేంద్రం 2017లో ఇచ్చిన డ్రైవింగు నిబంధనల్లోనూ లోపల తిరిగే బండికే మొదటి హక్కు. మనవాళ్ళు గుండ్రాన్ని భద్రంగా ఊళ్ళోకి తెచ్చుకుని, ఆ ఆగడాన్ని మాత్రం కొడికొండ చెక్‌పోస్టు దగ్గరే దించేసి వచ్చారు.

నమ్మకపోతే ధర్మవరంలో ఏ సర్కిల్ దగ్గరైనా సాయంత్రం ఆరింటికి కాసేపు నిలబడండి. టీవీఎస్ ఎక్సెల్ మీద వెనక పట్టుచీరల మూట, ముందు బడినుంచి తెచ్చుకుంటున్న పిల్ల. దిమ్మె నీడలో మూడు షేరాటోలు, సరిగ్గా వంపు తిరిగేచోట, "కదిరి కదిరి" అని కేక. ఆర్టీసీ బస్సుకు తిరగడానికి చోటు చాలదు, కండక్టరు దిగి రైట్ రైట్ అంటూ వెనక్కి తీయిస్తుంటాడు. శనక్కాయ కట్టె ట్రాక్టరుకు వెనకాల ఎర్రలైటు సరే, ట్రాక్టరే కనపడదు. ఇక కుడిపక్క సందులోకి పోవలసిన పెద్దమనిషి దిమ్మెను ముప్పావు చుట్టు తిరిగి పోవాలి. తిరగడు. ఎదురుగానే దూరతాడు.

"ఏమప్పా, రాంగులో వస్తాండావే?"

"ఈడనే గదప్పా పోయేది! సుట్టు తిరిగి రావల్లంటే పెట్రోలు నువ్వు పోస్తావా?"

ఈ ప్రశ్నకు జవాబు చెప్పగల ఇంజనీరు ఇంకా పుట్టలేదు.

రౌండబౌట్ మధ్యభాగాన్ని కొంచెం ఎత్తుగా ఉంచమని ఇంజనీర్లే చెబుతారు. అవతలి రోడ్డు సూటిగా కనపడకపోతే డ్రైవరు తనంతట తానే వేగం తగ్గిస్తాడని. విగ్రహాభిమానులు ఈ వాక్యాన్ని ఫ్రేము కట్టించుకోవచ్చు. కానీ దాని వెనకే ఇంకో వాక్యం ఉంది: లోపలికి వచ్చేవాడికి కుడిపక్క మాత్రం నిక్షేపంగా కనపడాలి. మనవాళ్ళు పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టేది సరిగ్గా ఆ కుడిపక్కనే. పన్నెండడుగుల అన్న నవ్వుతూ నమస్కారం పెడుతుంటాడు, ఆ నమస్కారం వెనకనుంచి లారీ వస్తుంటుంది.

పుట్టపర్తి సంగతి మరీ విడ్డూరం. గుడిలో ప్రదక్షిణ అంటే దేవుణ్ణి కుడిచేతి వైపు ఉంచుకుని తిరగడం. మన దేశంలో బండ్లు రోడ్డుకు ఎడమవైపు పోతాయి కాబట్టి సర్కిల్లోనూ అదే దిశ, దిమ్మె ఎప్పుడూ కుడిచేతి వైపే. ఆగమమూ మోటారు చట్టమూ ఏకాభిప్రాయానికి వచ్చిన చోటు దేశం మొత్తం మీద ఇదొక్కటే కావచ్చు. అమెరికాలో, ఫ్రాన్సులో పాపం అందరూ అప్రదక్షిణమే తిరగాలి. అయినా నవగ్రహాల దగ్గర లెక్క తప్పిందని మళ్ళీ ఒకటో చుట్టునుంచి మొదలుపెట్టే భక్తుడు, బయటికొచ్చి స్కూటరెక్కగానే నాయకుడికి నిక్షేపంగా అప్రదక్షిణం చేసి వెళ్ళిపోతాడు. శని వదిలిందనుకుంటాడు. వెనకసీట్లో కూర్చున్న ఆమె మాత్రం కళ్ళు మూసుకునే ఉంటుంది.

"మనోళ్ళకు ఇట్లాంటివి రావులే" అని తేల్చేసే మేధావులు ప్రతి టీకొట్టు దగ్గరా ఉంటారు. ఇది మాత్రం పెద్ద అబద్ధం. పుట్టపర్తి ఆశ్రమం ప్రశాంతి నిలయంలో సేవాదళ్ మనిషి చెయ్యి చూపిస్తే చడీచప్పుడు లేకుండా వరసలో కూర్చునేది ఈ జనమే. రాయలసీమ పల్లెలనుంచి కువైట్ పోయి డ్రైవర్లుగా బతికినవాళ్ళు ఎంతమంది! అక్కడ రౌండబౌట్ ముందు బుద్ధిగా ఆగి, కుడిఎడమలు తారుమారైన దేశంలో ఎడమపక్క చూసి, సందు దొరికాకే కదిలినవాళ్ళు. అదే మనిషి కదిరిలో బస్సు దిగి తమ్ముడి బండి తీసుకున్న పది నిమిషాలకు సీమ పౌరుషంలోకి వచ్చేస్తాడు. అక్కడ ఆగకపోతే జరిమానా, ఇక్కడ ఆగితే వెనకవాడి తిట్లు. తేడా అంతే, నెత్తురులో ఏమీ లేదు. పెనుకొండ పక్కన ఎర్రమంచి ఫ్యాక్టరీలో 2019 నుంచి తయారవుతున్న కార్లు కూడా ఓడలెక్కి గల్ఫు దాకా పోయి అక్కడి రౌండబౌట్లలో చక్కగా తిరుగుతున్నాయి, సొంత జిల్లాలోనే వాటికి దిక్కుతోచదు.

మరి అన్ని కూడళ్ళలోనూ రౌండబౌట్లే కట్టేయమంటారా అంటే, లేదు. గంటకు మూడువేల బండ్లు దాటితే రౌండబౌట్ మోయలేదని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1976లోనే రాసిపెట్టింది. విజయవాడ బెంజి సర్కిల్‌కు చివరికి వంతెన దిక్కయింది. రెండు మూడు వరసల పెద్ద సర్కిల్లో మోటారు సైకిలు వాడికీ, నడిచేవాడికీ అంత రక్షణ కూడా ఉండదు. 44వ నంబరు జాతీయ రహదారి మీద వంద స్పీడులో వచ్చే లారీల మధ్య గుండ్రం కడతానన్నవాణ్ణి ముందు అక్కడ నిలబెట్టాలి. నేను చెప్పేది ఊళ్ళ లోపలి కూడళ్ళ గురించి, సిగ్నలు పెట్టినా సగం రోజులు పసుపు దీపం మిణుకుమనడమే పనిగా ఉండే చోట్ల గురించి.

విగ్రహాల మీద నాకేం పగ లేదు. పార్కులున్నాయి, ఆఫీసు ఆవరణలున్నాయి. రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద కొత్తగా విగ్రహాలకు అనుమతులివ్వొద్దని సుప్రీంకోర్టు 2013 జనవరి 18న రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. మన దగ్గర ఆ ఆదేశానికి ఎంత గౌరవం ఇచ్చారంటే, దాని చుట్టూ కూడా తిరిగిపోయారు. ఇదొక్కటే మనవాళ్ళు పద్ధతిగా తిరిగిన తిరుగుడు.

ఇంగ్లండులో ఫ్రాంక్ బ్లాక్‌మోర్ అనే ఇంజనీరు ఇరుకు కూడళ్ళకు చవకైన ఉపాయం కనిపెట్టాడు. దిమ్మె లేదు, రెయిలింగు లేదు. రోడ్డు మధ్యన తెల్లరంగుతో ఒక గుండ్రం, ఒక్కో రోడ్డు చివర దారివ్వమని గీత. పెద్ద బస్సు వస్తే ఆ రంగు మీదినుంచే దొర్లిపోతుంది. మినీ రౌండబౌట్ అంటారు, ఆ దేశంలో వేలున్నాయి. హిందూపురం ఇరుకు సందులకు కొలత తీసి కుట్టినట్టుంటుంది. రెండు డబ్బాల పెయింటు, నెల రోజులు నలుగురు కానిస్టేబుళ్ళు, వంపుల్లోంచి ఆటోస్టాండు నలభై గజాలు అవతలికి. కానీ తెల్లరంగు గుండ్రానికి దండ వేయడం కుదరదు, శిలాఫలకం పెట్టడానికి గోడుండదు, జయంతికీ వర్ధంతికీ నిచ్చెన వేసుకుని పైకెక్కే వీలుండదు, రెండు డబ్బాల పెయింటులో కాంట్రాక్టరుకు మిగిలేది బ్రష్షు. అందుకని వచ్చే కౌన్సిల్ మీటింగులో కూడా పాత దిమ్మెకు కొత్త గ్రానైటు తొడిగే తీర్మానమే ఏకగ్రీవంగా పాసవుతుంది.