జారు, ఫాలు, కొత్తిమీర: ఒక దినచర్యకు టీకా తాత్పర్యం

మూలం

స్వస్తిశ్రీ విశ్వావసు నామ సంవత్సర కార్తిక బహుళ పాడ్యమి, గురువారము. ప్రాతఃకాలమున కాఫీ సేవనానంతరము సంచిని ధరించి గృహమునుండి వెడలితిని. తొలుత మిక్సీ వైద్యునకు జారును సమర్పించితిని. పిదప వస్త్రాపణమున కేగి చీరకుం దగిన ఫాలును బరీక్షించి కొంటిని. అటుపిమ్మట బ్యాంకున కేగి నేను సజీవుండనని నిరూపించితిని. మార్గమధ్యమున కొత్తిమీర లభించెను. సమస్త కార్యములును నిర్విఘ్నముగ నెరవేర్చి మధ్యాహ్న భోజనమునకు గృహము జేరితిని.

అవతారిక

పై దినచర్య రాసింది నేనే. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న చెన్నపట్నంలో బయలుదేరి, కాశీ దాకా పదిహేను నెలలు తిరిగి, చూసిందల్లా రాసిపెట్టుకున్నారు. 1838లో అది అచ్చయింది. విజయవాడ సత్యనారాయణపురం నుంచి బీసెంట్ రోడ్డు దాకా వెళ్లొచ్చినవాడు రాసుకోకూడదని ఎక్కడా లేదు కదా అని, రిటైరైన దగ్గర్నుంచీ నేనూ రాస్తున్నాను. గ్రాంథికంలో రాస్తే ఒక సుఖం ఉంది. చిన్న పని పెద్దగా కనిపిస్తుంది, చెడిన పని అసలు కనిపించదు.

ఆ రాత్రి మా ఆవిడ ఈ పుట చదివి, "ఎవరండీ ఈ మహానుభావుడు? మనింట్లో ఉంటాడా?" అంది. అందుచేత టీక అవసరమైంది.

టీకాకారులకు పెద్దదిక్కు మల్లినాథసూరి. మన మెదక్ వైపు కొల్చారం వాడంటారు. మూలంలో లేనిది రాయనని ఒట్టు పెట్టుకుని మరీ మొదలుపెట్టాడాయన. నాకు ఆ నియమం కుదరదు. ఈ మూలంలో ఉన్నదాని కంటే లేనిదే ఎక్కువ. ఇంకో తేడా కూడా ఉంది. ఆయన కలం పట్టేనాటికి, తాను టీక రాసిన కాళిదాసు పోయి ఎన్నో వందల ఏళ్లయింది, అడ్డొచ్చేవాళ్లు లేరు. నా గ్రంథానికి పాఠాంతరాలు చెప్పే మనిషి పక్కగదిలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది.

టీక

కాఫీ సేవనానంతరము: ఎన్నో కాఫీ అన్నది మూలం చెప్పదు. రెండోది. మొదటిది కాఫీ కోసం తాగింది, రెండోది బయలుదేరడం ఆలస్యం చేయడానికి.

సంచిని ధరించి: రాజులు కవచం ధరిస్తారు, దేవుళ్లు శంఖచక్రాలు ధరిస్తారు. ఇది ఎవరి పెళ్లిలోనో తాంబూలంతో పాటు ఇచ్చిన గుడ్డసంచి. పైన వధూవరుల పేర్లున్నాయి. ఒక చెవి తెగితే ముడేశాం.

జారును: జారుట అనే క్రియతో దీనికి సంబంధం లేదు. చోరులతో జంటగా చెప్పే జారుడూ కాడు. మిక్సీ మీద కూర్చునే గిన్నె. మూడు రోజులుగా మోటారు తిరుగుతోంది, బ్లేడు తిరగడం లేదు. జగమంతా తిరుగుతుంటే తాను కదలక చూస్తూ ఉండేదాన్ని వేదాంతులు సాక్షి అన్నారు. మా ఇంట్లో దాన్ని రిపేరు అన్నారు. వైద్యుడు జారు తిరగేసి చూసి, "పళ్లు అరిగిపోయాయి గురువు గారూ" అన్నాడు. "వయసొచ్చింది కదయ్యా" అన్నాను. "మీవి కాదండీ, దీనివి" అని అడుగున ఉన్న కప్లర్ చూపించాడు. మధ్యాహ్నం రమ్మన్నాడు. జారూ, దాని మూతా అక్కడే బల్లమీద పెట్టి వచ్చాను. ఈ మూత మాట పాఠకులు మనసులో ఉంచుకోవాలి.

ఫాలును: ఫాలమంటే నుదురు. అసలే శివుడికి ఇష్టమైన కార్తికం, ఫాలనేత్రుడి ప్రసక్తి వచ్చిందనుకుని ఎవరైనా చేతులు జోడిస్తారేమో, అక్కర్లేదు. ఇది చీర అడుగు అంచుకు లోపలివైపు కుట్టే నూలు పట్టీ. నేలరాపిడికి అంచు చిరక్కుండా, కుచ్చిళ్లు నిలబడేలా చూస్తుంది. దీన్ని తేవడమంటే ఏదో ఒక పట్టీ తేవడం కాదు, రంగు కలవాలి. అందుకోసమే మన ఊళ్లలో మ్యాచింగ్ సెంటర్లు పుట్టాయి.

చీర రంగు నెమలికంఠమని ఇంటిపాఠం. కొట్లో కుర్రాడు చూడగానే "రామా గ్రీన్ బాబాయ్ గారూ" అన్నాడు. నీలమేఘశ్యాముడి పేరు పచ్చరంగుకు ఏమిటని ఆగాను. తరవాత తట్టింది, నీలం కలిసిన పచ్చకు పెట్టారా పేరు! పెట్టినవాడెవడో గానీ అలంకారశాస్త్రం చదివే ఉంటాడు. కుర్రాడు ఆ ఒక్క పచ్చలోనే ఆరు ఫాళ్లు తీసి పరిచాడు. నాకు ఆరూ ఒక్కటిగానే కనిపించాయి. అద్వైతం తప్పుడు చోట సిద్ధించింది.

పరీక్షించి: ట్యూబులైటు కింద ఏ రంగునూ నమ్మకూడదు. కుర్రాడు నిజాయితీపరుడు, "బయట వెలుగులో చూసుకోండి" అన్నాడు. బయటికి వెళ్లిన మాట నిజం. చీర తీసుకెళ్లిన మాట నిజం. ఎండలోకి పట్టి ముందుకీ వెనక్కీ తిప్పి చూసిన మాటా నిజం. ఫాలు మాత్రం లోపల కౌంటరు మీదే ఉంది. తిరిగొచ్చి "సరిపోయింది" అన్నాను. కుర్రాడు ఏమీ అనలేదు. పెద్దవాళ్లంటే గౌరవం ఉన్న పిల్లవాడు.

పాఠాంతరం: "చీరకుం దగిన" అన్నచోట మా ఆవిడ ప్రతిలో "దగని" అని ఉంది. గకారం మీది గుడిని తీసి పక్కనున్న నకారం మీద పెట్టింది, అంతే. కొత్త అక్షరం ఒక్కటి చేర్చకుండా అర్థం తలకిందులు చేయడం మహాపండితులకు కూడా అరుదు.

కొత్తిమీర: మూలంలో ఇది బ్యాంకు తరవాత వస్తుంది. నిజానికి కొన్నది అన్నిటికంటే ముందు, మా వీధి మలుపులో. ఇక్కడ మీమాంసకుల సాయం తీసుకోవాలి. పాఠక్రమం కంటే అర్థక్రమం బలమైనదని వాళ్ల తీర్పు. వేదంలో హోమం ముందు చెప్పి గంజి వండడం తరవాత చెప్పినా, వండకుండా హోమం దేంతో చేస్తారు, వంటే ముందు అని వాళ్లు తేల్చారు. ఆ న్యాయాన్ని బట్టి కొత్తిమీరను మూడు వాక్యాలు వెనక్కి జరపాలి. జరిపితే గానీ కథ అర్థం కాదు. గంపలో నీళ్లు చిలకరించి ఇచ్చిన కట్ట పొద్దున్నే సంచీ అడుగుకు చేరింది. తరవాత దానిమీద ఫాలు పడింది.

"రంగు తేడాగా ఉందేం?" అని మా ఆవిడ అడిగినప్పుడు "తడిసింది కదా" అన్నాను. "అయితే ఆరనిద్దాం" అంది. ఆరింది. నూలు ఫాలును కుట్టేముందు ఎలాగూ నానబెట్టి ఆరేస్తారు, లేకపోతే ఉతికాక ముడుచుకుని చీర అంచును లాగేస్తుంది, ఆ పని కొత్తిమీర ముందే చేసిపెట్టింది అని నా సమర్థన. దీన్ని ఏ ప్రతిలోనూ చేర్చలేదు.

లభించెను: ఇరవై రూపాయలు పోసి కొన్నదాన్ని లభించెను అనడం ప్రబంధధోరణి. కరివేపాకు కొసరు అడిగితే కొత్తిమీర అమ్మే ఆమె "అది వేరే ఐదు రూపాయలు" అంది. కొసరు అనే మాట ఇక నిఘంటువుల్లోనే దొరుకుతుంది కాబోలు.

సజీవుండనని నిరూపించితిని: ఈ గ్రంథంలో కఠినమైన ఘట్టం ఇదే. పింఛనుదారుడు ఏటా నవంబరులో తాను బతికున్నట్టు రుజువు చేసుకోవాలి. వెనకటికి కాగితం మీద సంతకం చేసేవాళ్లం. 2014 నుంచి జీవన్ ప్రమాణ్ వచ్చింది, అంటే వేలిముద్ర. ప్రమాణం అన్న మాట విని నాకు హుషారు పుట్టింది. ప్రమాణాలు నాలుగని నైయాయికులు చెప్పనే చెప్పారు: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. కౌంటరు ముందు నిలబడి నమస్కారం పెట్టి, "బతికే ఉన్నానమ్మా" అన్నాను. ఆ అమ్మాయి తలెత్తి చూసి, "మీరు ఉంటే చాలదు సర్, సిస్టమ్‌లో పడాలి" అంది. అక్కడితో ప్రత్యక్షం కొట్టుకుపోయింది.

బొటనవేలు పెట్టాను, పడలేదు. ఎడమచేతిది పెట్టాను, పడలేదు. నేను ఆర్‌ఎంఎస్‌లో అంటే రైల్వే మెయిల్ సర్వీసులో ముప్పై నాలుగేళ్లు ఉత్తరాలు వేరుచేసినవాణ్ని. ఊరూరి ఉత్తరాలూ వేళ్ల మీద గీతలు కొంచెం కొంచెంగా పట్టుకుపోయాయి. "వేలు తలకు రుద్ది పెట్టండి సర్, నూనె తగిలితే పడుతుంది" అంది. వరసలో వెనకున్న పెద్దాయన నా తల చూసి నవ్వు ఆపుకున్నాడు. పొగ ఉంటే నిప్పు ఉన్నట్టు, ముద్ర ఉంటే మనిషి ఉన్నట్టు. ముద్ర లేదు కాబట్టి మనిషి లేడని యంత్రం అనుమానప్రమాణంతో తేల్చేసింది.

తరవాతిది ఉపమానం. 2021 నుంచి మొహం చూసి ఒప్పుకునే పద్ధతి కూడా ఉంది. ఆధార్ ఫొటోలో ఉన్న మనిషిని పోలిన మనిషి నేనేనని చూపించాలి. ఆ ఫొటోను పోలడం ఎవరికీ గౌరవం కాదు గానీ, ప్రాణం మీదికొచ్చినప్పుడు తప్పదు. అమ్మాయి ఫోను పట్టుకుంది. నేను బిగుసుకుని గుడ్లప్పగించి చూశాను. "రెప్ప వెయ్యండి సర్" అంది.

అప్పుడు దమయంతి గుర్తొచ్చింది. స్వయంవరంలో ఒకే రూపంతో కూర్చున్న ఐదుగురిలో నలుణ్ని ఆవిడ పట్టుకున్న గుర్తుల్లో రెప్పపాటు ఒకటి. దేవతలు అనిమిషులు, రెప్ప వెయ్యరు. మనిషి వేస్తాడు. ఆ పాత కిటుకు ఎవరు చెప్పారో గానీ బ్యాంకు ఫోనుకు కూడా తెలిసింది. ఈ నలుడి కథే చెప్పే నైషధానికి రాసిన వ్యాఖ్యకు మల్లినాథుడు జీవాతువు అని పేరు పెట్టాడు. బతికించే మందు అని దాని అర్థం. రెప్ప వేశాను. చక్రం తిరిగింది. మళ్లీ వేశాను. నా జేబులో ఫోను టింగుమంది. ఫలానా అంకె ఇచ్చి మీ ధ్రువపత్రం తయారైందని సందేశం. శబ్దమే చివరికి ప్రమాణమైంది.

టైము ఒకటీ ఇరవై ఎనిమిది. గురువారం ఒకటిన్నరకు రాహుకాలం మొదలు, బ్యాంకువారి భోజనమూ మొదలు.

మధ్యాహ్న భోజనమునకు: పాఠాంతరం "అపరాహ్ణ". ఈసారి సవరణ న్యాయమైనదే. పగటిని ఐదు భాగాలు చేస్తే నాలుగోది అపరాహ్ణం. నేను జారు తీసుకుని ఇల్లు చేరేసరికి మూడూ పది. శ్రాద్ధాలు పెట్టేది ఆ వేళకే, అది పితృదేవతల భోజనకాలం. బతికున్నానని అంత శ్రమపడి రుజువు చేసుకొచ్చినవాడు వాళ్ల పంక్తిలో కూర్చున్నాడు. పప్పు చల్లారిపోయింది.

నిర్విఘ్నముగ: పాఠాంతరం లేదు. ఈ మాట దగ్గర మా ఆవిడ ఎర్రసిరాతో ఒక ప్రశ్నార్థకం పెట్టి వదిలేసింది.

సమస్త కార్యములును: జారుకు కొత్త కప్లర్ వేశాడు, 120 రూపాయలు. సాయంత్రం కొబ్బరిపచ్చడికి ముక్కలు వేసి, నీళ్లు పోసి, మూత కోసం చూశారు. మూత బీసెంట్ రోడ్డులోనే ఉంది.