గండికోట బండి

నేను టెంపో ట్రావెలర్‌ని. హైదరాబాద్ గౌలిపురాలో ఒక ప్రహరీ పక్కన నన్ను ఆపి వదిలేశారు. మా జాతి 1987లో మొదలైంది. జర్మనీ మెర్సిడెస్ వాళ్ల వ్యాన్ పోలికలే మావి. పుట్టుక సంగతి అంతే. చెప్పుకోవాల్సింది గండికోట దారి గురించి.

గండికోట యాత్ర సాగే రెండు రోజులూ పాతబస్తీ కుటుంబాలకు ఇల్లు నేనే. క్యారియర్ మీద స్టవ్వు, బియ్యం మూట, పరుపులు. వెనక సీట్ల మీద అడ్డంగా పడుకున్న పిల్లలు. రాత్రి లాల్‌దర్వాజలో కదిలితే తెల్లారేసరికి కర్నూలు. రాష్ట్రాలు రెండయ్యాక తుంగభద్ర దాటడానికి పర్మిట్ కాగితం కూడా కావలసివచ్చింది. బనగానపల్లెలో ఎండాకాలమైతే మామిడిపండ్లు ఎక్కేవి. అక్కణ్నుంచి నేల తీరే మారేది. కొలిమిగుండ్ల వైపు నాపరాళ్ల గనులు, గాలి నిండా తెల్లని రాతిపొడి, నీడన్నది లేని ఎండ. ఇంజన్ వేడెక్కితే మా డ్రైవరన్న వెంటనే పక్కకు ఆపేవాడు. చల్లారేదాకా కూర్చుని, తడిగుడ్డతో రేడియేటర్ మూత తిప్పి నీళ్లు పోసేవాడు. "ఇంకొంచెమే తల్లీ" అనేవాడు నాతో. అలాంటి చెయ్యి పడితే ఏ బండైనా పరిగెడుతుంది.

కోట దగ్గర నేను ఆగిపోయేదాన్ని. ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పెన్నా పారే ఆ లోయను నేనెప్పుడూ చూడలేదు. దుంగలు పేర్చినట్టున్న ఎర్రరాళ్ల గురించి, కాళ్లు వణికించే ఆ అంచు గురించి తిరిగొచ్చినవాళ్ల మాటల్లో విన్నాను. పెమ్మసాని నాయకుల ఆ కోటను 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా పట్టుకున్నాడు. రెండేళ్లకు ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తావెర్నియే అక్కడికే వెళ్లి ఆయన్ను కలిశాడు. ఆ సేనాని కొలిచిన సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా మా ఊరిని ఏలినవాడే. కోట లోపలి పావురాల గోపురాన్ని కూడా చార్మినార్ అంటారు. "మన చార్మినార్ ఇక్కడా ఉందమ్మా!" అని పిల్లలు అరుస్తూ పరిగెత్తుకొచ్చినప్పుడు, ఇంతదూరం తెచ్చింది నేనేనని పొంగిపోయాను.

డ్రైవరన్న మానేశాక నా రాత మారింది. కొత్తవాడు వేడి చూపే సూది ఎర్రగీత దాటుతున్నా పాటల సౌండు పెంచాడే గానీ ఆపలేదు. ఆయిల్ నల్లబడి చిక్కబడినా మార్చలేదు. హెడ్ గాస్కెట్ పోయాక బాగుచేయించడం దండగన్నారు. అది బండి తప్పా? నా బదులు ఏసీ బండి వచ్చింది. నా బ్యాటరీ అమ్మేశారు. స్టెప్నీ ఎవరో పట్టుకుపోతే ఎవరూ అడగలేదు. టైర్లలో గాలి దిగిపోయి రిమ్ములు నేలకానాయి. వానకు సీట్లు నాని బూజుపట్టాయి. ఆ పిల్లలు తలపెట్టుకున్న సీట్లవి. బోనాలకు గోడకి సున్నం కొడితే నా మీద చిందింది, తుడిచినవాళ్లు లేరు. వీధిలో చెత్తసంచులకు నా ముందుచక్రం చోటైంది. ఒకప్పుడు ఎక్కేముందు అదే చక్రం కింద నిమ్మకాయ పెట్టి దండం పెట్టుకున్నారు.

మొన్న తుక్కు వ్యాపారి వచ్చి రేకును తట్టి చూశాడు. మొత్తం కలిపి కిలోల లెక్కన ధర చెప్పాడు. యజమాని తలూపాడు. బానెట్ ఎత్తమని కూడా అనలేదు. హెడ్ తప్ప నా ఇంజన్‌లో పాడైంది లేదు. గేర్‌బాక్స్ గట్టిది. ఇనుముతో కలిపి తూయొద్దనీ, వాటికి వేరే ధర అడగమనీ మా యజమానికి ఎవరైనా చెప్పండి.