పొలం భద్రం, పుస్తెలు వేలం

మన చట్టం రైతు పొలం జోలికి ఏ బ్యాంకునూ రానివ్వదట. రుణమేళా వేదికల మీద అధికారులు ఈ మాట చెబుతుంటే వినడానికి ఇంపుగా ఉంటుంది. పూర్తిగా అబద్ధమా అంటే, కాదు. బాకీ మొండిపడితే బ్యాంకు 60 రోజుల నోటీసిచ్చి, కోర్టు గడప తొక్కకుండానే తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకుని అమ్ముకోవచ్చని 2002 నాటి సర్ఫేసీ చట్టం చెబుతుంది. అదే చట్టం 31వ సెక్షన్‌లో వ్యవసాయ భూమిని మినహాయించింది. పొలమే కావాలంటే బ్యాంకు అందరిలాగే సివిల్ దావా వేసుకుని వాయిదాలకు తిరగాలి.

ఇంత గట్టి రక్షణ చూసి మన బ్యాంకులు పొలానికి దూరం నుంచే దణ్ణం పెట్టాయి. “పాస్‌పుస్తకం సరేనండీ, ఇంట్లో బంగారం ఏమన్నా ఉందా?” అని అడగడం నేర్చుకున్నాయి.

బంగారంతో ఈ వాయిదాల బెడద లేదు. కుదువ పెట్టుకున్నవాడు తగిన నోటీసిచ్చి ఆ వస్తువును అమ్ముకోవచ్చని 1872 నాటి కాంట్రాక్టు చట్టం, 176వ సెక్షన్‌లో ఎప్పుడో చెప్పింది. జడ్జి అక్కర్లేదు, ట్రిబ్యునల్ అక్కర్లేదు. ఇంటికో నోటీసు, పత్రిక లోపలి పేజీలో చీమ తలకాయంత అక్షరాలతో ఓ వేలం ప్రకటన ఉంటే పని జరిగిపోతుంది.

చట్టానికి దయ లేదని మాత్రం అనకండి. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ఒకసారి చదవండి, కళ్లు చెమర్చుతాయి. కట్టుబట్టలు, వంట పాత్రలు, పరుపులు, రైతు పనిముట్లు, కాడెద్దులు, విత్తన గింజలు, ఆచారం ప్రకారం ఆడవాళ్లు ఒంటి మీది నుంచి తీయకూడని నగలు జప్తు చేయరాదు. డిక్రీ పట్టుకొచ్చిన అమీనా పుస్తెలతాడు ముట్టుకుంటే తప్పు. అదే పుస్తెలతాడును ఇల్లాలు విత్తనాల కోసం తానే తీసి కౌంటర్‌లో పెడితే, గడువు దాటాక బ్యాంకు దాన్ని వేలం వేయడం ఒప్పు. చట్టం అమీనా చేతులు కట్టేసి, అప్రైజర్ చేతికి త్రాసు ఇచ్చింది.

పంట అప్పుకు బంగారం ఎందుకని అడిగే అమాయకులు ఇంకా ఉన్నారు. నిజమే, 2025 జనవరి 1 నుంచి 2 లక్షల రూపాయల దాకా వ్యవసాయ రుణానికి ఏ తాకట్టూ అడగకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. ఆరు నెలలు తిరిగి జులై వచ్చేసరికి అదే రిజర్వు బ్యాంకు ఓ వివరణ ఇచ్చింది: ఆ పరిమితి లోపు కూడా రైతు తనంతట తాను బంగారం పెడితే నిబంధన ఉల్లంఘించినట్టు కాదు. ఇక పర్చూరు, మార్టూరు, ప్రత్తిపాడు పల్లెల్లో స్వచ్ఛందం ఏ స్థాయిలో పొంగిపొర్లుతుందో ఊహించుకోండి. మిరప నారు పోసే వేళకు ఇల్లాలికి మెడ బరువెక్కుతుంది. మేనేజరు గారు “వద్దమ్మా, వద్దు” అని ఎంత మొత్తుకున్నా వినకుండా, ఆమె నాంతాడు తీసి కౌంటర్ మీద పెట్టి వెళ్లిపోతుంది!

పెట్టడానికి బంగారం కూడా లేని కౌలు రైతు సంగతి వేరు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చి, 11 నెలలకు చెల్లే కార్డు ఇస్తామన్నారు. భూమి యజమాని సంతకం పెట్టాలి, అంతే! సంతకం పెడితే పొలం పోతుందని యజమానికి భయం. పంట రుణం ఆయన పేరున, సేద్యం కౌలుదారు చేతిన సాగిపోతుంటాయి. కౌలుదారు గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు మెట్లెక్కుతాడు. నూటికి నెలకు రెండు, మూడు రూపాయల వడ్డీ. ఏడాదికి లెక్క కడితే 24 నుంచి 36 శాతం.

అక్కడి వసూలు పద్ధతి ముందు పార్లమెంటు చేసిన చట్టాలన్నీ దిగదుడుపే. తాకట్టు సరుకు తనంతట తానే లారీ ఎక్కి వస్తుంది. టిక్కీలు దించేది, కాటా పెట్టించేది, బేరం కుదిర్చేది ఆ కొట్లోనే. పట్టీలో అసలు, వడ్డీ, కమీషన్ కోసుకోగా మిగిలింది రైతు చేతిలో పడుతుంది. ఏమీ మిగలకపోతే ప్రోనోటు తిరగరాయిస్తారు. మూడేళ్లకు కాలదోషం పడుతుందన్న సంగతి, కాలపరిమితి చట్టం చదవకపోయినా, కొట్లో గుమస్తాకు కంఠతా వచ్చు. ఖాళీ చెక్కు కూడా ఉంటే, చెక్కు బౌన్సయితే వర్తించే 138వ సెక్షన్ కింద రెండేళ్ల జైలు బూచి చూపించవచ్చు.

ధర వచ్చేదాకా ఆగుదామని కోల్డ్ స్టోరేజీలో పెట్టి, ఆ సరుకు మీద అప్పు తెచ్చుకున్నవాడి కథ ఇంకో రకం. కాయ చల్లగా పడుకుంటుంది, అద్దె, వడ్డీ మాత్రం నిద్రపోవు. 2023లో క్వింటాలు 20 వేలు దాటిన మిర్చికి, 2025 ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద ప్రకటించిన ధర 11,781 రూపాయలు. తాకట్టు విలువ కరిగింది కానీ బాకీలో పైసా కరగలేదు.

పెద్దవాళ్లకు మాత్రం చట్టం పూర్తి పాఠంతో అందుబాటులో ఉంటుంది. రైతు కోసం పెట్టిన ఆ 31వ సెక్షన్‌ను గోవాలో ఓ అయిదు నక్షత్రాల హోటల్ యజమానులు ఎంచక్కా వాడుకున్నారు. మా స్థలంలో కొంత వ్యవసాయ భూమి, ముట్టుకోరాదన్నారు. ఆ బ్లూ కోస్ట్ హోటల్స్ వాదనను హైకోర్టు ఒప్పుకుంది కూడా. 2018 మార్చిలో సుప్రీంకోర్టు తోసిపుచ్చేదాకా అది సాగింది. పెద్ద బాకీ మునిగితే దానికో ప్రత్యేక దారి: తెలుగు నేల మీద పుట్టిన ల్యాంకో ఇన్‌ఫ్రాటెక్ 2017లో రిజర్వు బ్యాంకు దివాలాకు పంపమన్న 12 పెద్ద ఖాతాల్లో ఒకటి. మరుసటి ఏడాదే లిక్విడేషన్‌కు చేరింది. ఉద్దేశపూర్వకంగా ఎగ్గొట్టినవారితో సైతం బ్యాంకులు రాజీ కుదుర్చుకోవచ్చని, కనీసం 12 నెలలు ఆగి కొత్త అప్పు కూడా ఇవ్వవచ్చని 2023 జూన్‌లో రిజర్వు బ్యాంకు సెలవిచ్చింది. 2014-15 నుంచి పదేళ్లలో బ్యాంకులు పద్దుల్లోంచి తీసేసిన మొండి బాకీలు 16.35 లక్షల కోట్ల రూపాయలని కేంద్రం లోక్‌సభకు చెప్పింది. అది మాఫీ కాదట, వసూలు ప్రయత్నం కొనసాగుతుందట. కొనసాగనివ్వండి. రైతుకు మాత్రం ఆ కొనసాగింపు దక్కదు, నగ ఒక్క పూటలో అమ్ముడవుతుంది.

అప్పు ఎగ్గొట్టమని ఎవరూ అనడం లేదు. బ్యాంకు సొమ్ము డిపాజిటర్లది. ఆ మాట మరిపించిన పుణ్యం నాయకులది. 2014 ఆంధ్రప్రదేశ్ ఎన్నికల్లో బంగారు రుణాలకూ మాఫీ అన్నారు. నమ్మి కట్టడం మానేసినవారికి ముందు వడ్డీ పెరిగింది, తర్వాత నోటీసు వచ్చింది, చివరికి కుటుంబానికి లక్షన్నర పరిమితి అని తెలిసింది.

కాబట్టి, రైతు పొలాన్ని కాపాడామని చెప్పుకోవడం ఇక కట్టిపెట్టండి. తాకట్టు లేని 2 లక్షలు తాకట్టు లేకుండానే ఇవ్వండి, యజమాని సంతకం లేకుండా కౌలు రైతుకూ ఇవ్వండి. పాఠకులకు ఒక మాట: మీ బంగారం వేలం పడితే ఎంతకు పోయింది, బాకీ ఎంత, మిగులు ఎంత అని బ్యాంకును రాతపూర్వకంగా అడగండి. బాకీ పోగా మిగిలిన ప్రతి పైసా మీదేనని 1872 నుంచీ అదే 176వ సెక్షన్ చెబుతోంది. దాన్ని వాళ్లు చదివారు, మీరూ చదవండి.