సంతకం తప్ప అన్నీ ఇస్తాం

మా పల్నాడులో సలహా మీద జీఎస్టీ లేదు. ఉండుంటే, 2022 ఏప్రిల్ 4న జిల్లా పుట్టిన నాటి నుంచి వసూలైన సొమ్ముతో నరసరావుపేటలో కలెక్టరాఫీసు ఏం ఖర్మ, కొండవీడు కోట మళ్ళీ కట్టేవాళ్ళం.

మా చెల్లెలి కొడుకు బీటెక్ అయింది. హైదరాబాదులో ఓ కంపెనీ ఉద్యోగమిచ్చింది. వాడికేమో గురజాల పక్కన సొంతూళ్ళో కారం వ్యాపారం చెయ్యాలని ఉంది. కల్లంలో ఎండిన కాయ కొనడం, తొడిమ తీయించడం, మర పట్టించడం, అరకిలో పొట్లాలు కట్టి హైదరాబాదు అపార్ట్‌మెంట్లకు పంపడం, అంతే. ఉద్యోగం చేస్తూ చెయ్యనా, మానేసి చెయ్యనా అని ఓ పెళ్ళిలో బంతి మీద నోరు జారాడు. మర్నాటి నుంచి మా చెల్లెలి ఇంట్లో టీపొడి నిలవలేదు.

మొదట వచ్చింది మా పెదనాన్న వరసాయన, రిటైరైన హెడ్మాస్టరు. "గవర్నమెంటు ఉద్యోగం కొట్టరా అబ్బాయా, జీవితానికి ఢోకా ఉండదు" అన్నాడు. కొట్టాల్సిందే. 2019లో గ్రామ, వార్డు సచివాలయాలకి లక్షా పాతిక వేల పైచిలుకు పోస్టులు వేస్తే 21 లక్షల మందికి పైగా దరఖాస్తు పెట్టారు. నెగ్గినవాళ్ళకి ప్రొబేషన్ పేరుతో నెలకి 15 వేలు. రెండేళ్ళన్న ప్రొబేషను రెండేళ్ళకి ఆగలేదు. 1998 డీఎస్సీ రాసినవాళ్ళ కథ ఇంకా గట్టిది. అర్హత ఉందని తేలిన మేస్టార్ల ఫైలు కోర్టులూ కమిటీలూ తిరిగి తిరిగి 2022లో కదిలింది. శ్రీకాకుళం జిల్లాలో అలాంటి ఒకాయన అప్పటిదాకా సైకిలు మీద బట్టలు పెట్టుకుని ఊరూరా అమ్ముకున్నాడు. పేపర్లన్నీ ఆయన ఫొటో వేశాయి. ఆ 24 ఏళ్ళూ ఆయనకి అన్నం పెట్టింది ఉద్యోగమా, సైకిలా అని పెదనాన్నని అడిగాను. "చివరికి ఉద్యోగం వచ్చింది గదరా" అన్నాడు తృప్తిగా.

పెదనాన్నది పాత పెన్షను. 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరినవాళ్ళకి అది లేదు. ఆయన సీట్లో కూర్చుని కిటికీలోంచి తల బయటపెట్టి, "మంచి బస్సురా, ఎక్కు" అంటున్నాడు. బస్సు కదిలి చాలాసేపయిందన్న ముక్క మాత్రం చెప్పడు.

పల్నాట్లో టెంపరరీ పోస్టులో చేరి పర్మనెంటయిన మనిషి నాకు చరిత్రలో ఒక్కరే కనిపిస్తారు, నాయకురాలు నాగమ్మ. రాజుగారు మాటిచ్చింది ఏడు గడియల మంత్రిత్వానికి. ఎక్కిన మనిషి మళ్ళీ దిగితేనా! గ్రామ వాలంటీర్లు ఈ కథ సరిగా చదువుకోలేదు పాపం. 2019 ఆగస్టు 15న నెలకి 5 వేల మీద చేరారు. 2024 ఎన్నికలయ్యాక ఉన్నామో ఊడామో తెలియకుండా మిగిలారు.

రెండోవాడు మా బాబాయి, ఇంకా సర్వీసులోనే ఉన్నాడు. "ఉద్యోగమంటే బానిసత్వంరా. నీకు నువ్వే యజమానివి కావాలి" అన్నాడు ఆవేశంగా. ఒకటో తారీఖు జీతం ఐదో తారీఖున పడిందని విజయవాడ ధర్నాకి పోయొచ్చిన మనిషి ఈయన. ప్రభుత్వోద్యోగి వ్యాపారం చెయ్యకూడదని 1964 నాటి ప్రవర్తనా నియమావళి చెబుతోంది. బాబాయి నియమం తప్పే మనిషి కాదు. నూటికి రెండు రూపాయల వడ్డీ వ్యాపారం పిన్ని చేస్తుంది. ఆ సంగతి పిన్నికి తెలియదు.

మూడోవాడు హైదరాబాదు నుంచి వీడియో కాల్లో దిగాడు. "జాబ్ ఉంచుకో, సైడుగా చెయ్" అన్నాడు. గొంతు తగ్గించి అన్నాడు, ఆఫీసులో ఉన్నాడు మరి. 2022లో విప్రో, పోటీ కంపెనీలకి కూడా పని చేస్తున్నారని 300 మందిని ఇంటికి పంపింది. ఇది మోసమని ఛైర్మన్ అంతకుముందే ట్వీటు పెట్టాడు. ఉద్యోగి రెండు పడవల మీద కాళ్ళు పెడితే మోసం. కంపెనీయే పడవలోంచి వెయ్యి మందిని తోసేస్తే దానికి 'రీస్ట్రక్చరింగ్' అని ముద్దుపేరు. పెద్దమనుషులు ఒకేసారి నాలుగైదు కంపెనీల బోర్డుల్లో కూర్చుంటే దాన్ని అనుభవం అంటారు.

నరసరావుపేటలో కాలేజీ సెమినార్‌కి వచ్చిన వక్త గురించి కూడా చెప్పాలి. ఇంటికో పారిశ్రామికవేత్త అని ప్రభుత్వం నినాదమిచ్చింది కదా, ఈయన ఆ నినాదానికి మైకు కట్టాడు. ఉద్యోగం అడగొద్దు, ఇవ్వండి అన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆయనకున్న ఏకైక వ్యాపారం, వ్యాపారం పెట్టమని చెప్పడం. అందులో నష్టం రాదు.

మన కుర్రాళ్ళకి సైడ్ బిజినెస్ కొత్తేం కాదు. అగ్రిగోల్డ్ అనే పేరు తెలుగునాట ఎవరికి తెలియదు? 32 లక్షల ఖాతాలు, 6 వేల కోట్ల పైచిలుకు డిపాజిట్లు. అవన్నీ ఆకాశం నుంచి రాలినవా? డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న పిల్లాడు కమీషన్ మీద ఏజెంటయ్యాడు, మొదటి డిపాజిట్ సొంత మేనత్త చేత కట్టించాడు. కంపెనీ కూలాక కట్టినవాళ్ళు విజయవాడ ఆఫీసుకి పోలేదు, పక్కవీధిలో ఉన్న వీడి గడప ఎక్కారు. చిన్న డిపాజిట్లకి 2019లోనూ 2021లోనూ ప్రభుత్వం కొంత కట్టింది. ఆ మేనత్తలు మళ్ళీ వీళ్ళ ఇళ్ళకి భోజనానికి వచ్చారో లేదో ఏ జీవోలోనూ రాయలేదు.

ఈ తర్జనభర్జనకి పెద్దదిక్కు శ్రీనాథుడు. కొండవీడు ఇప్పుడు మా జిల్లాలోదే కాబట్టి ఆయన్ని మా జిల్లా ఉద్యోగి కిందే లెక్కేసుకుంటున్నాను. పెదకోమటి వేమారెడ్డి ఆస్థానంలో విద్యాధికారి. ఇంతకన్నా గట్టి కొలువు ఆ రోజుల్లో ఏముంది? తీరా చూస్తే రాజ్యమే పోయింది. కంపెనీ మూతపడితే పెద్ద జీతగాడు ఏం చేస్తాడో ఆయనా అదే చేశాడు, రాజమహేంద్రవరంలో ఇంకో చోటు చూసుకున్నాడు. ప్రౌఢదేవరాయలు కనకాభిషేకం కూడా చేయించాడు, అది పెర్ఫార్మెన్స్ బోనస్సు. ఆఖరి రోజుల్లో ఆదరించేవాళ్ళు కరువై, బొడ్డుపల్లెలో పొలం గుత్తకి పట్టాడని ఆయన పేరున ఉన్న చాటువులు చెబుతాయి. పంటలో కొంత కృష్ణ మింగింది, కొంత పిట్టలు తిన్నాయి. 700 టంకాలు కట్టలేక ఆ ముసలితనంలో, ఎండలో, బండరాయి మోశాడు. పల్నాడొచ్చి మా జొన్నకూడునీ నాపరాళ్ళనీ వెక్కిరించిన ఉసురు తగిలిందేమోనని నాకో చిన్న అనుమానం, అది పక్కన పెట్టండి. కనకాభిషేకం నాడు సభలో అన్నిమంది పెద్దలున్నారే, గుత్త కాగితం మీద జామీను పడ్డవాడు ఒక్కడైనా ఉన్నాడా? "కవిసార్వభౌమా, మట్టిలో బంగారముంది, సాగులోకి దిగండి" అని భుజం తట్టినవాడు మాత్రం ఉండే ఉంటాడు. మా బాబాయికి పూర్వీకుడు.

ఇంతకీ మా ఇంట్లో రోజూ రిస్కు తీసుకునే మనిషిని ఈ సలహాదారులెవరూ వ్యాపారి అని పిలవరు. మా మేనల్లుడి నాన్నకి మూడెకరాలు సొంతం, ఐదెకరాలు కౌలు, మొత్తం మిరపే. 2021లో నల్ల తామర పురుగు పువ్వులోకి దూరింది. కళ్ళముందే పూత రాలిపోయి చెట్లు మొండిగా మిగిలాయి. కాయ కరువయ్యాక రేటు పలికింది. ఆ రేటు చూసి అందరూ మిరపే వేశారు. 2025 ఫిబ్రవరికి గుంటూరు యార్డులో ధర ఎంత జారిందంటే, కేంద్రమే క్వింటాకి 11,781 రూపాయలని లెక్కగట్టి రంగంలోకి దిగాల్సి వచ్చింది. కోల్డ్ స్టోరేజిలో టిక్కీలకి అద్దె పెరిగింది, రేటు పెరగలేదు. బ్రహ్మనాయుడి కోడి ఓడితే ఏడేళ్ళ వనవాసంతో సరిపోయింది. మిరప ఓడితే మూడేళ్ళకోసారి ప్రాంసరీ నోటు తిరగరాస్తూ ఉన్నఊళ్ళోనే అజ్ఞాతవాసం. మా బావగారిని ఏ కాలేజీ సెమినార్‌కీ పిలవలేదు. కొడుకుతో ఆయన అన్నది ఒక్కటే మాట. "వద్దు నాయనా, ఉద్యోగానికి పో." నలుగురిలో నష్టం రుచి తెలిసి మాట్లాడింది ఆయనొక్కడే, అందుకని ఆయన మాట ఎవరికీ రుచించలేదు. పిరికిమాట అన్నారు.

వాడి లెక్కల పుస్తకం నేను చూశాను. తొడిమకెంత పోతుంది, మర దగ్గర ఎంత తరుగు, పొట్లం ఖర్చెంత, పార్సిలెంత, అన్నీ రాసుకున్నాడు. వచ్చిన పెద్దల్లో ఒక్కరూ ఆ పుస్తకం తెరవలేదు. పేరు మాత్రం అందరూ పెట్టారు. 'పల్నాటి పౌరుషం కారం' అని ముగ్గురు విడివిడిగా, ఎవరికి వారే కనిపెట్టారు.

వాడు బ్యాంకుకి పోయాడు. గోడ మీద ముద్ర లోను పోస్టరు, తాకట్టు అక్కర్లేదని పెద్దక్షరాలు. 2015 నుంచి ఉన్న పథకమే, 'శిశు' అని 50 వేల దాకా ఇస్తారు. పోస్టరు కింద కూర్చున్నాయన, "తాకట్టెందుకు బాబూ, ఉద్యోగస్తుడి ష్యూరిటీ ఒకటి తెచ్చుకో చాలు" అన్నాడు.

ఆదివారం అందరూ ఉన్నప్పుడు వాడు ఆ కాగితం తెచ్చి మధ్యలో పెట్టాడు.

పెదనాన్నకి బీపీ మాత్ర గుర్తొచ్చింది. బాబాయి, తన సర్వీసు రూల్సు ఒప్పుకోవన్నాడు. అదే నియమావళి, వడ్డీ దగ్గర నిద్రపోయేది ఇక్కడ లేచి కూర్చుంది. వీడియో కాల్లో ఉన్నవాడికి సిగ్నల్ పోయింది. ఊరి పెద్దాయన, శివరాత్రికి కోటప్పకొండ ప్రభ కట్టాలంటే అడక్కముందే లక్ష తీసే చెయ్యి, తువ్వాలు దులుపుకుని లేచింది.

"మావయ్యా, నువ్వు?" అన్నాడు.

నేను రచయితని గదా. జేబులో పెన్ను లేకుండా బయటికి రాను. తీశాను, వెనక్కి తిప్పి కాగితం మూల మీద గీశాను. "ఇంకు అయిపోయిందిరా" అన్నాను.

ఆ సాయంత్రం మా చెల్లెలి డ్వాక్రా గ్రూపు వాళ్ళ వసారాలోనే కూర్చుంది. పదిమంది. ఒకరి అప్పుకి పదిమందీ పూచీ. ఒకరు వాయిదా తప్పితే మిగతా తొమ్మిదిమందీ కొంగుముడి విప్పాలి. అందులో ఇద్దరిది వేలిముద్రే. పొద్దున గేదెలు, పగలు మిరప కోతలు, రాత్రి పొదుపు పుస్తకం. దీన్ని సైడ్ బిజినెస్ అంటారని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. పౌరుషం మాటా రాలేదక్కడ. ప్రశ్నలొచ్చాయి.

"తాలుకాయ కలపవు గదా?"

"అపార్ట్‌మెంటోళ్ళు బాకీ పెడితే ఎవరు పోయి అడుగుతారు?"

"నువ్వు ఉద్యోగంలో ఉంటే సోమవారం నించి శనివారం దాకా మర దగ్గర ఎవరు నిలబడతారు?"

మూడోదానికి వాడి దగ్గర జవాబు లేదు. మేం నిలబడతాం, రోజు కూలి ఇంత అని వాళ్ళే తేల్చారు. తొడిమలకి కిలో లెక్కన బేరం కూడా అక్కడే కుదిరింది. వాడు రెండుసార్లు తగ్గించమని అడిగాడు, వాళ్ళు రెండుసార్లూ తగ్గలేదు. ఉద్యోగం ఆర్నెల్లు వదలొద్దన్నారు, జీతంలోంచి వాయిదా కట్టమన్నారు. అందరికీ సరేననిపించాక లీడరమ్మ తీర్మానాల పుస్తకం తెరిచి నావైపు చూసింది.

"అన్నయ్యా, నువ్వు పేపర్లకి రాస్తావంటగా. చేతిరాత బాగుంటుంది, తీర్మానం నువ్వే రాయి. సంతకాలు మేం చేసుకుంటాంలే."

రాశాను. పేజీన్నర వచ్చింది. పెన్ను ఎక్కడా ఆగలేదు.