నాట్ గురువు చేతి ప్రతిని

నేను అచ్చులో పుట్టిన పుస్తకాన్ని కాదు. బస్తర్‌లో జగదల్‌పూర్‌కు తూర్పున, ఒక భత్రా గిరిజనుల పల్లెలో నాట్ గురువు తన గురువు ప్రతిని చూసి నన్ను ఎత్తి రాసుకున్నాడు. అభిమన్యు వధ, కీచక వధ, జరాసంధ వధ నాలో ఉన్నాయి. భత్రాలు రాత్రంతా ఆడే నాటకం నాట్, దానికి యుద్ధమంటే ప్రాణం. నా పుటల్లో కుదురుగా కూర్చునే మనుషులు తక్కువ.

నా భాష ఒడియా. తెలుగువారికి ఇది వింతగా తోచవచ్చు. ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఓరుగల్లు విడిచి ఇటు వచ్చాడని 1703 నాటి దంతెవాడ శాసనం చెబుతోంది. ఆ వంశం 20వ శతాబ్దం దాకా బస్తర్‌ను ఏలింది. అయినా తిక్కన కీచకుడు ఈ ఆటలోకి రాలేదు. ఒడిశా సరిహద్దుకు అటువైపు కోరాపుట్, నవరంగ్‌పూర్‌లలోనూ భత్రాలున్నారు. బస్తర్ రాజు పురుషోత్తమదేవుడు పూరీ యాత్ర నుంచి నాట్‌ను వెంట తెచ్చాడని పెద్దలంటారు. అది చుట్టరికాలూ సంతలూ నడిచిన దారినే వచ్చిందని నా నమ్మకం.

మహాభారతాన్ని ఒడియాలో మొదట చెప్పినవాడు సారళదాసు. 15వ శతాబ్దం, గజపతి కపిలేంద్రదేవుడి కాలం. వ్యాసుడి కథను ఉన్నదున్నట్టు దించకుండా తన నేల ఊళ్లనూ నమ్మకాలనూ అందులో కలిపాడు. ఆ ధైర్యం వల్లే వీరులు పల్లెకు దగ్గరయ్యారు.

పగలు దుక్కి దున్నినవాడు రాత్రి నా ముందు వీరుడవుతాడు. చదువు రాకపోయినా ఫర్వాలేదు. గురువు నన్ను చూసి మాట అందిస్తాడు, అతను అందుకుంటాడు. ముందు గొంతు కుదరాలి, తర్వాత అడుగు. కత్తి చేతికిచ్చేది ఆఖరున. ఆడవేషాలూ మగవాళ్లే కడతారు, రాక్షస వేషాలకు ముఖతొడుగులు పెడతారు. వేషం కట్టేవాళ్లలో చాలామంది నన్ను ఎన్నడూ ముట్టుకోలేదు. అయినా వాళ్ల నోట నా మాట తప్పిపోదు.

ఒక వేసవి రాత్రి అభిమన్యుడి వేషం నేర్చుకుంటున్న కుర్రాడు అడిగాడు: “గురూజీ, బయటికొచ్చే దారి తెలియదు కదా, వ్యూహంలోకి వెళ్లేటప్పుడు అతనికి భయం వేయలేదా?”

గురువు నన్ను తిరగేసి చూశాడు. “ఇందులో రాసి లేదురా. నువ్వే నడిచి చూపించు.”

కుర్రాడు నడిచాడు. వ్యూహం గుమ్మం దగ్గర అడుగు తడబడింది, ఒక్కసారి వెనక్కి చూశాడు, వెంటనే కత్తి దూసి లోపలికి ఉరికాడు. నాలో లేని చూపు అది. గురువు పెన్సిల్ తీసి నా అంచున అక్కడ చిన్న గీత పెట్టాడు. మరో కుర్రాడు ఆ వేషం కట్టినప్పుడు గురువు ఆ గీత దగ్గర ఆగుతాడు, మాట అందించడు.

ఇప్పటి పిల్లలకు బడిలో హిందీ వచ్చింది కాబట్టి నన్ను నాగరి లిపిలోకి ఎత్తుతున్నారు. ఆ గీతను కూడా ఎత్తమని గురువు పట్టుబట్టాడు. ఈ వేసవికి జరాసంధ వధ ఆడాలని ఊరు తీర్మానించింది. భీముడు దొరికాడు. తెల్లవారుజాము దాకా గొంతు నిలిచే జరాసంధుడి కోసం పక్క ఊళ్లకు కబురు వెళ్లింది.